కోటిపల్లి దాకా వచ్చిన రైలు

కోటిపల్లి రేవులో మోకాలి లోతు నీళ్లలో ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. వేసవిలో అయితేనే సుమా, వరద రోజుల్లో వద్దు. మొదట పాదాల పక్కన చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుంది. కాసేపటికి కాళ్ల చుట్టూ ఇసుక జారి చిన్న గుంట పడుతుంది. ఇంకాసేపటికి ఒరిగిపోతామేమోనని మనకు తెలియకుండానే కాలెత్తి పక్కన వేస్తాం. మనం దిగక ముందు కూడా గోదారి అక్కడ అలాగే పారింది, అప్పుడు గుంట లేదు. అడ్డం నిలబడ్డాం కాబట్టి పడింది.

రైలు వంతెన స్తంభానికి కాలెత్తి పక్కన వేసే వీల్లేదు. కోనసీమకు రైలు ఎందుకు ఇంత ఆలస్యమైందని ఎవరడిగినా నేను ముందు ఈ గుంట సంగతే చెబుతాను. "ఆయ్, మా నాన్నగారి పెళ్లినాటికే వచ్చేస్తుందన్నారండి రైలు" అని అమలాపురంలో ఎకసెక్కం ఆడేవాళ్లు తక్కువేం కాదు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపమంతా ఢిల్లీ మీదా హైదరాబాద్ మీదా పోసేస్తే సగం కథే తెలుస్తుంది. మిగతా సగం మన అరికాళ్ల కిందే ఉంది.

దారి చెప్పుకుందాం. కాకినాడ నుంచి కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 45 కిలోమీటర్లు. అక్కడ గౌతమి అడ్డం. అది దాటితే కోనసీమ. అమలాపురం దాటాక వైనతేయ, రాజోలు దాటాక వశిష్ఠ, ఆ అవతల నరసాపురం. ఈ రెండో ముక్క 57 కిలోమీటర్లు. మొత్తం కలిపి వంద చిల్లర. ఒక చివర ఓడరేవూ ఎరువుల కర్మాగారాలూ నూనె శుద్ధి చేసే మిల్లులూ ఉన్న కాకినాడ. రెండో చివర నరసాపురం, దాని వెనక రొయ్యలకూ బియ్యానికీ పేరుపడ్డ భీమవరం, అటు నుంచి గుడివాడ మీదుగా విజయవాడ. ఇప్పుడు కాకినాడలో రైలెక్కి నరసాపురం పోవాలంటే సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, భీమవరం చుట్టి రావాలి. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే.

అసలు ఈ గడ్డ మీద దారి అంటే మొదట నీళ్లే. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కాలవల్ని పొలాలకు నీళ్లిచ్చే బోదెలుగా మాత్రమే చూడలేదు. వాటిని రోడ్లుగానే గీశాడు. లొల్ల లాకుల దగ్గర నిలబడితే ఇప్పటికీ ఆ ఊహ కనిపిస్తుంది. నీళ్లు పై మట్టం నుంచి కింది మట్టానికి దిగే చోట, పడవ కూడా పడిపోకుండా మెట్టు దిగినట్టు దిగాలి. నడుమ గదిలో నీళ్లు నింపి, పడవను అందులోకి తెచ్చి, ముందు తలుపులూ వెనక తలుపులూ మూసి, ఆ నీటిని మెల్లగా తీసేస్తే పడవ దానంతటదే కిందికి దిగుతుంది. ఇంజనూ లేదు, బొగ్గూ లేదు. కాకినాడలో ఎక్కించిన సరుకు కాలవల వెంబడే పోయి, బకింగ్‌హాం కాలవలో పడి, మద్రాసు చేరిన రోజులున్నాయి.

ఈ కాటనే రైళ్లకు గట్టి ప్రత్యర్థి. 1854లో ప్రజాపనుల మీద రాసిన పుస్తకంలోనూ, 1870లలో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఇచ్చిన సాక్ష్యంలోనూ ఆయన వాదన ఒకటే: ఈ దేశానికి ముందు కావలసింది కాలవలు, రైళ్లు కావు. లండన్‌లో చాలామంది దీన్ని ముసలాయన మొండితనం కింద కొట్టేశారు. లెక్క కట్టి చూస్తే అది వట్టి మొండితనం కాదని తేలుతుంది.

ఒక టన్ను బరువును అడ్డంగా లాగడానికి ఎంత బలం కావాలి? మట్టిరోడ్డు మీద ఎడ్లబండికి యాభై కిలోల పైమాటే. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి రెండు మూడు కిలోలు చాలు. నిలకడ నీటిలో మనిషి నడిచే వేగంతో పోయే పడవకు కిలో అటూ ఇటూ. గట్టు మీద ఒకళ్లిద్దరు తాడు భుజాన వేసుకుని బస్తాల పడవను లాక్కుపోయేవారంటే అది వాళ్ల కండబలం కాదు, నీటి దయ. అంటే నడక వేగం దగ్గర కాటన్ లెక్క సరైనదే, పడవ రైలును ఓడిస్తుంది.

ఆయన లెక్క తప్పింది వేగం దగ్గర. పడవ వేగం రెండింతలైతే నీరు అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. చక్రం అలా కాదు. గంటకు ఐదు కిలోమీటర్ల దగ్గరా ముప్పై దగ్గరా పట్టా మీద రాపిడి పెద్దగా మారదు, గాలి అడ్డు లెక్కలోకి రావడం ఆ తరవాతే. పడవ నడిచినంత సేపే చవక, పరుగెత్తితే దివాలా. ఎండు కొబ్బరికీ ధాన్యానికీ తొందర లేదు. కోర్టు వాయిదాకు పోయేవాడికీ, కాన్పు నొప్పులు పడే మనిషికీ, చేపల బుట్టకూ తొందరే.

కాబట్టి కోనసీమకు రైలు మొదట్లోనే రాకపోవడానికి కారణం పూర్తిగా నిర్లక్ష్యం కాదంటాను. ఇక్కడ అప్పటికే ఒక మంచి రవాణా ఉంది. మెట్ట ప్రాంతానికి రైలు వచ్చి కొత్త దారి పరిచింది, మనకు పాత దారి బాగుండటమే అడ్డమైంది. ఇంకో చమత్కారం ఉంది. వైనతేయ అవతల నగరం లంకకు సాగునీరు అందించడానికి 1850లలోనే గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టి, కాలవనే నది మీదుగా దాటించారు. నీళ్లు ఏరు దాటి నూటడెబ్బై ఏళ్లయింది. రైలు ఇంకా దాటలేదు.

మద్రాసు–కలకత్తా దారి కోనసీమను తప్పించి పైనుంచే పోయింది. 1893లో వాల్తేరు–బెజవాడ లైను తెరిచినప్పుడు నడుమ గోదావరి దగ్గర బండి దిగి, ఏరు దాటి, మళ్లీ బండి ఎక్కాల్సిందే. 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన హేవలాక్ వంతెనతో ఆ తిప్పలు తప్పాయి. వాల్టన్ అనే ఇంజనీరు కట్టిన ఆ వంతెన పొడవు 2.7 కిలోమీటర్లు, 56 ఖానాలు. గోదారి పాయలుగా చీలక ముందు, ఆనకట్ట పైన, ఒక్కచోట దాటెయ్యడం తెలివైన పని. కింద దాటాలంటే ఒకటి కాదు, మూడు వంతెనలు కావాలి.

1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి లైను పడింది. అది ఏరు దాటే సాహసం చెయ్యలేదు. గట్టు దాకా వచ్చి ఆగింది. ద్రాక్షారామం భీమేశ్వరుడికీ కోటిపల్లి సోమేశ్వరుడికీ పోయే యాత్రికులు, రామచంద్రపురం వైపు ధాన్యం, రేవులో పడవ దిగి అవతలి నుంచి వచ్చిన కోనసీమ జనం, ఇదీ దాని ప్రపంచం. పన్నెండేళ్లు నడిచింది. తరవాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, 1940లో పట్టాలు పీకేశారు. దేశమంతా అలా పీకిన చిన్న లైన్లు ఎన్నో. ఉక్కుకు కరువొచ్చింది, మధ్యప్రాచ్యంలో సైన్యాలకు దారులు కావలసి వచ్చాయి, లాభం తక్కువ వచ్చే కొమ్మలన్నీ నరికి పంపారు. ఏ యుద్ధంతోనూ సంబంధం లేని వేళంగి, కరప రైతులు ఆ యుద్ధానికి కట్టిన కప్పం ఒక రైలు.

కట్ట మాత్రం మిగిలింది. పట్టా పోయినా మట్టి పోలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. 2004లో మళ్లీ అదే దారిన బ్రాడ్‌గేజి పడింది. పీకడానికీ వెయ్యడానికీ మధ్య అరవై నాలుగేళ్లు. మళ్లీ పడ్డాక దాని మీద నడిచింది ఒంటి పెట్టె రైలుబస్సు. చూడ్డానికి ఆర్టీసీ బస్సు దారి తప్పి పట్టాలెక్కినట్టు ఉండేది. నాకు మాత్రం అది ముద్దుగానే ఉండేది.

రెండో ముక్క, కోటిపల్లి–నరసాపురం, 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. అప్పుడు అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరు. ఆయన పట్టుదల లేకపోతే ఆ కాగితం కదిలేది కాదని ఇక్కడ అన్ని పార్టీల వాళ్లూ ఒప్పుకుంటారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. అదే ఏడాది యానాం–ఎదుర్లంక రోడ్డు వంతెన పూర్తయి గౌతమి మీద ఆయన పేరు నిలబడింది. రైలు మాత్రం కాగితం మీదే ఉండిపోయింది.

ఇక మట్టి దగ్గరకు వద్దాం.

కోనసీమ నేలను గోదారి వేల ఏళ్లుగా తెచ్చి పోసింది. ఒక వరదకు ఇసుక, ఒక వరదకు ఒండ్రు, నిలవ నీటిలో సన్నటి బంకమట్టి, ఇలా పొర మీద పొర. కొబ్బరికి అది అమృతం, కట్టకు విషం. బంకమట్టిలో సగం దాకా నీరే. ఆ నీరు రేణువుల మధ్య సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. పైన బరువు పెట్టగానే ఆ బరువును మొదట మొయ్యాల్సింది మట్టి కాదు, నీరు. నీరు మెల్లగా బయటికి జారుకున్న కొద్దీ బరువు మట్టి మీదికి దిగుతుంది, నేల కుంగుతుంది. చలిమిడి ముద్ద మీద పీట వేసి కూర్చోవడమే ఇది. వెంటనే ఏమీ కాదు. సాయంత్రానికి పీట ఒరుగుతుంది.

దీన్ని లెక్కకు దించినవాడు కార్ల్ టెర్జాగి అనే ఆస్ట్రియా ఇంజనీరు. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, చేతికందిన సామానుతో ప్రయోగాలు చేసి, 1925లో పుస్తకం వేశాడు. మన కోటిపల్లి లైను పడ్డానికి మూడేళ్ల ముందు. అందులో తేలిన ముఖ్యమైన సంగతి ఇది: నీరు బయటపడే దారి రెండింతలు పొడవైతే పట్టే కాలం రెండింతలు కాదు, నాలుగింతలు. దారి పది రెట్లు పొడవైతే కాలం నూరు రెట్లు. మందంగా ఉన్న బంకపొర దశాబ్దాల తరబడి కుంగుతూనే ఉంటుంది. 1928 నాటి కట్ట, పట్టాలు పీకాక కూడా అరవై నాలుగేళ్లు అలా కూర్చుని ఉందంటే, తన కింద నేలను అది ఉచితంగా నొక్కిపెట్టిందన్నమాట. కోటిపల్లి దాకా రెండోసారి లైను వేసినవాళ్లకు పాత కట్ట చేసిన సేవ చిన్నది కాదు. ఏరు దాటిన తరవాత ఆ అదృష్టం లేదు. అక్కడ కన్నెనేల.

అదే సూత్రాన్ని తిరగేస్తే మందు దొరుకుతుంది. దారి పదో వంతుకు తగ్గిస్తే కాలం నూరో వంతుకు పడిపోతుంది. అందుకని నేలలోకి దగ్గర దగ్గరగా నిలువు వత్తులు దింపుతారు. నీరు పైదాకా ఎక్కనక్కర్లేదు, పక్కనున్న వత్తిలోకి వస్తే చాలు. పైన మట్టి గుట్ట పోసి కొన్ని నెలలు ఆగితే, ఏళ్లు పట్టే కుంగుబాటు ముందే అయిపోతుంది. ఈ వత్తుల్ని ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. 1980లలో సింగపూర్ ఇంజనీర్లు చేసిన రకం ఎలాంటిదో తెలుసా? లోపల కొబ్బరిపీచు తాళ్లు, వాటి చుట్టూ జనపనార గుడ్డ. నేల గట్టిపడేదాకా పనిచేసి, తరవాత తమ మానాన తాము కుళ్లిపోతాయి. అంబాజీపేట చుట్టుపక్కల ఒలుపు సాగే చోట గుట్టలుగా పడి ఉండే పీచును చూసినప్పుడల్లా నాకిది గుర్తుకొస్తుంది.

బురద తరవాత ఎత్తు. రోడ్డు వంతెన ఎక్కాలంటే లారీ గేరు మార్చుకుంటుంది. రైలు అలా ఎక్కలేదు. ఇనుము మీద ఇనుము తేలిగ్గా దొర్లుతుంది కాబట్టి లాగడం తేలిక, కానీ పట్టు తక్కువ, అందుకే ఎక్కడం కష్టం. మీటరు ఎత్తుకు రెండు వందల మీటర్ల దూరం ఇద్దామని అనుకుందాం. వరద మట్టం పైన ఖాళీ వదిలి, వంతెన చివర నేలకు ఎనిమిది మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అప్పుడు ఒక్కో గట్టు వైపు 1,600 మీటర్ల కట్ట కావాలి. మట్టి జారకుండా పక్కవాలు మీటరు ఎత్తుకు రెండు మీటర్లు ఇస్తే, పైన ఎనిమిది మీటర్ల వెడల్పున్న కట్ట అడుగున నలభై మీటర్లవుతుంది. ఒక్క వైపు కట్టకే సుమారు లక్షా ఇరవై వేల ఘనమీటర్ల మట్టి. పదిహేను ఘనమీటర్ల టిప్పర్లయితే ఎనిమిది వేలు. మూడు పాయలకు రెండేసి వైపులు, మొత్తం ఆరు కట్టలు. ఇవి నేను కాగితం మీద వేసిన ఊహాలెక్కలే, గుత్తేదారు బిల్లు కాదు. కానీ పరిమాణం ఎలాంటిదో తెలుస్తుంది కదా.

పైగా ఆ మట్టి ఎక్కడిది? కోనసీమలో తవ్వి పోసుకోవడానికి నేల లేదు. మూడడుగులు తవ్వితే నీళ్లు. గట్టి గ్రావెల్ కావాలంటే గోదారికి ఎగువన మెట్ట గుట్టల నుంచి లారీల్లో రావాలి. ఇక నలభై మీటర్ల వెడల్పు అంటే కొబ్బరి చెట్లు వరసలకు వరసలు పోతాయి. సెంట్లలో లెక్కబెట్టుకునే ఊళ్లో ఎకరాల్లో అడిగితే ఎవరైనా కోర్టుకు ఎక్కకుండా ఉంటారా? భూసేకరణ ఆలస్యం అని పేపర్లో ఒక్క ముక్కలో రాసేస్తారు. దాని వెనక చెట్టుకింత, దొడ్డికింత అని ఎన్ని గుమ్మాల్లో ఎన్ని పంచాయితీలో.

ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. కోనసీమలో నీరు ఉత్తరం నుంచి సముద్రానికి దిగుతుంది. కాలవలూ, కౌశిక లాంటి డ్రెయిన్లూ అటే పారతాయి. రైలు దారి తూర్పు నుంచి పడమరకు వాటన్నిటికీ అడ్డంగా పోవాలి. ప్రతి తూము దగ్గరా వంతెన కట్టకపోతే రైలు కట్ట కాస్తా ఆనకట్ట అవుతుంది. మురుగు పోక పంట మునగడం ఎలా ఉంటుందో ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2011 సార్వాలో వాళ్లు ప్రకటించిన పంట విరామానికి గిట్టుబాటు ధరతోపాటు మురుగు కష్టం కూడా కారణం.

మళ్లీ ఆ గుంట దగ్గరకు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అప్పుడు లంకల్లో ఉన్నవాళ్లు ఇప్పటికీ సంవత్సరాలు దాన్నిబట్టే చెబుతారు, ఎనభయ్యారు వరదకు ముందా తరవాతా అని. అందులో ఒక ఇరవై లక్షలు గౌతమిలో రెండు కిలోమీటర్ల వెడల్పున పోయాయనుకుందాం. గెరాల్డ్ లేసీ అనే ఇంజనీరు ఉత్తర భారతంలోని కాలవల్ని కొలిచి 1930 ప్రాంతంలో తేల్చిన సూత్రం ఒకటి మన వంతెనల లెక్కల్లో ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం మామూలు ఇసుక అడుగున్న ఏటిలో అంత వరద వరద మట్టానికి పన్నెండు మీటర్ల కింది దాకా కోసుకుపోతుంది. స్తంభం ఉన్న చోట దానికి రెట్టింపు పట్టుకోమంటారు. ఎందుకంటే నీరు స్తంభానికి కొట్టుకుని కిందికి దూకుతుంది, అడుగున సుడి తిరిగి, గుర్రపు లాడంలా స్తంభాన్ని రెండు పక్కలా చుట్టుకుని ఇసుకను ఎత్తుకుపోతుంది. కోటిపల్లి రేవులో మన కాళ్లకు తగిలిన చక్కిలిగింత అదే. అంటే వరద మట్టం నుంచి పాతిక మీటర్లు. ఎనిమిదంతస్తుల మేడంత లోతు కోసుకుపోయినా స్తంభం ఒరగకూడదు, కాబట్టి పునాది ఇంకా కిందికి పోవాలి.

అంత కిందికి, పారే ఏటిలో, ఇసుకలో, ఎలా దిగుతారు? నూతిలో వరలు దింపడం చూసినవాళ్లకు పాఠం అక్కర్లేదు. వర నేల మీద పెట్టి, లోపలికి దిగి, దాని అంచు కింద మట్టి తవ్వుతారు. వర తన బరువుకు తానే దిగుతుంది. మీద ఇంకో వర. మళ్లీ తవ్వకం. వంకర దిగితే అటువైపు తవ్వడం ఆపి ఇటువైపు తవ్వుతారు. దక్షిణాదిలో ఈ విద్య కంపెనీ దొరలకంటే చాలా పాతది. కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను ఇసుక మీద నిలబెట్టింది ఇలాంటి బావుల మీదే. కావేరి దగ్గర పాత చోళుల ఆనకట్టను చూసి ఇసుక మీద కట్టడం నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. పెద్ద వంతెనకు ఆ నుయ్యి ఇంటి గదంత వెడల్పు, తాడిచెట్టును మించిన లోతు. అంతే తేడా. ఇప్పుడు చాలాచోట్ల నుయ్యి బదులు బోరు కొట్టి, పక్కలు కూలకుండా బంకమట్టి నీళ్లు నింపి, ఇనుపచువ్వల బుట్ట దింపి, అడుగు నుంచి కాంక్రీటు పోసుకొస్తున్నారు. పేరు పైలు. పని అదే, కాలు లోతుగా పాతుకోవడం.

1997లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన పని మాని, పక్కన 28 కమానుల కాంక్రీటు వంతెన పని అందుకుంది. ఒక్కో కమాను 97 మీటర్ల పైచిలుకు. ఖానా వెడల్పు పెంచితే ఏటిలో పెట్టే కాళ్లు తగ్గుతాయి. 1900లో 56 ఖానాలు, 1997లో అంతే ఏటికి 28. వందేళ్ల ఇంజనీరింగు అంతా ఏటిలో వీలైనన్ని తక్కువ కాళ్లు పెట్టడం నేర్చుకోవడమే.

అయితే ఇదంతా చెప్పి, అందుకే పాతికేళ్లు పట్టిందని నేను సర్దిచెప్పబోవడం లేదు. బురద కష్టం కానీ కొత్తది కాదు. 1900లో మూడేళ్లలో ఏరు దాటినవాళ్లున్నారు. రాష్ట్రం నాలుగో వంతు ఖర్చు పెట్టుకోవాలన్న షరతు మీద దస్త్రాలు అటూ ఇటూ తిరిగిన కాలం టెర్జాగి సూత్రానికి లొంగేది కాదు. కోనసీమ కింద ఉన్న గ్యాసుకు గొట్టాలు త్వరగానే వచ్చాయి. ఈ లైను పోయే దారిలోనే ఉన్న పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావి పేలి 65 రోజులు మండింది. చీకటి పడినా ఆకాశం ఎర్రగానే ఉన్న ఆ రోజుల్లో, మంట ఆర్పే సామాన్లు దేశదేశాల నుంచి వచ్చాయి, కావాలనుకుంటే ఇక్కడికి ఏదైనా వస్తుందని జనానికి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు గౌతమిలో రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఇవతల పట్టా చివర. అక్కడి నుంచి రేవులోకి నడిచి, పంటు ఎక్కాను. మోటారు సైకిళ్లూ, పాలక్యాన్లూ, అరటి గెలలూ, ఒక పెళ్లివారి బ్యాండు. ముక్తేశ్వరం వైపు సగం దూరం పోయాక పంటు నడిపేవాడు చుక్కాని కాస్త పక్కకు తిప్పాడు. ఎందుకని అడిగితే, "స్తంభాలు వచ్చాక ఇసుక మారిపోయిందండి. నిరుడు లోతున్న చోట ఈ ఏడు మేట, మేట ఉన్న చోట లోతు" అన్నాడు. చేతిలోని పొడుగాటి గెడ నీళ్లలోకి దించి, తడిసినంత మేరా చూసుకుని, మళ్లీ ముందుకు పోనిచ్చాడు.